తొమ్మిదెకరాలు, ఇద్దరు అన్నదమ్ములు, ఒకటే జేబు

అడిగింది ఇది: "నాకు 31 ఏళ్ళు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏలూరు జిల్లా మెట్టలో నాన్నగారికి 9 ఎకరాలు ఉంది. నాలుగు పామాయిల్, రెండు కొబ్బరి, మిగతా మూడు మొక్కజొన్న. తమ్ముడు ఊళ్ళోనే ఉంటాడు. ఉద్యోగం మానేసి ఒక ట్రాక్టరు, 20 గేదెలతో డెయిరీ పెట్టి వ్యవసాయాన్ని బిజినెస్‌లా చేద్దామనుకుంటున్నాను. బాగా చేస్తున్న కుటుంబాలు అసలు ఏం చేస్తున్నాయి?"

తమ్ముడూ, మాదీ ఆ మెట్టే. పదకొండు ఎకరాలు. ఐదు పామాయిల్, నాలుగు కొబ్బరి, దాని నీడలోనే కోకో (చాక్లెట్‌కి వాడే గింజ), రెండు మొక్కజొన్న. పొలం మా ఆయన చూస్తారు. నేను బీకాం చదివాను, పెళ్ళయి వచ్చిన రెండో ఏడు నుంచి, అంటే 1997 నుంచి ఇంట్లో లెక్కలన్నీ నావే. కాబట్టి నేను చెప్పేది చేను గట్టు మీంచి కాదు, పద్దు పుస్తకంలోంచి. ఏ ఎరువు ఎంత వేయాలని అడిగితే ఆయన్ని అడిగి చెప్పాల్సిందే.

మా చుట్టుపక్కల నిలబడ్డ ఇళ్ళనీ, అమ్ముకుని వెళ్ళిపోయిన ఇళ్ళనీ ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళకీ వీళ్ళకీ పంటలో పెద్ద తేడా లేదు. అందరిదీ అదే నేల, అదే బోరు, అదే ఫ్యాక్టరీ. తేడా ఎక్కడంటే, నిలబడ్డ వాళ్ళ దగ్గర పొలం డబ్బు వేరు, ఇంటి డబ్బు వేరు. వినడానికి చాలా మామూలు మాటలా ఉంటుంది కానీ, చేసే ఇల్లు ఊరికి రెండో మూడో.

మా పుస్తకంలోంచి ఒక ఏడాది చూపిస్తాను, 2023-24 ది. పామాయిల్ ధర బాగా పడిపోయిన కాలం. ఎకరానికి ఎనిమిదిన్నర టన్నులు వచ్చాయి. సగటున టన్ను 13 వేలు పడింది. అంటే 1,10,500. ఖర్చులు: గెలల కోత, మోత టన్నుకి 1,500 చొప్పున 12,750. ఎరువులు 14 వేలు. పాదులు బాగుచేయడం, మట్టలు నరకడం 8 వేలు. డ్రిప్పు, మోటారు రిపేర్లు 3 వేలు. మొత్తం 37,750. పోగా మిగిలింది 72,750.

చాలామంది ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. "ఎకరానికి డెబ్బై వేలు మిగిలింది, బ్రహ్మాండం" అంటారు. నేను ఇంకో మూడు గీతలు గీస్తాను. ఆ ఎకరం ఖాళీగా, బోరుతో సహా కౌలుకిస్తే ఊళ్ళో 30 వేలు వస్తుంది. అది భూమిగలాయనకి రావాల్సింది. మా ఆయన పొద్దున్నే వెళ్ళి నీళ్ళు పెట్టి, కోతలప్పుడు దగ్గరుండి చూసుకున్నందుకు బయటి మనిషిని పెడితే ఎకరానికి 10 వేలన్నా ఇవ్వాలి. అది పనిచేసినాయన కూలి. తోట పెంచడానికి మొదటి నాలుగేళ్ళు పెట్టిన డబ్బు, బోరు, పైపులు, వీటి అరుగుదల 5 వేలు వేసుకుంటాను. ఇవన్నీ తీస్తే మిగిలేది 27,750. నిజంగా వ్యాపారం సంపాదించింది అంతే.

మీ నాన్నగారి జేబులో ముగ్గురి డబ్బు కలిసిపోయి ఉంటుంది. భూమిగలాయన, కూలికి చేసినాయన, వ్యాపారం చేసినాయన. ముగ్గురూ ఒకే మనిషి కాబట్టి ఎవరిది ఎంతో ఎప్పుడూ విడదీయలేదు. అందుకే వ్యాపారం నష్టంలో ఉన్నా, కౌలు డబ్బూ కూలి డబ్బూ తింటూ ఇల్లు గడిచిపోతుంది. పదేళ్ళు గడిచాక పాత బోరు ఎండి కొత్తది వేయాల్సి వస్తే చేతిలో రూపాయి ఉండదు. "ఇంత చేశాం, ఏమైపోయిందో" అంటారు. ఎక్కడికీ పోలేదు, మనమే తిన్నాం.

మా మొక్కజొన్నకి ఇలాగే మూడు గీతలు గీస్తే మైనస్ వచ్చింది. ఐదెకరాలు వేసేవాళ్ళం, రెండుకి తగ్గించాం. ఆ రెండూ కూడా గేదెల మేతకోసం ఉంచినవే. తగ్గించిన ఆ మూడెకరాల్నీ 2008లో కొబ్బరిలోకి మార్చాం. మీరు ముందుగా చేయాల్సింది కూడా ఇదే అనుకుంటున్నాను. మీ మూడెకరాల మొక్కజొన్నకి రెండు పంటల లెక్క రాయండి.

పామాయిల్‌లో ఒక సంగతి తెలిసే ఉంటుంది. ధర మన చేతిలో లేదు, కొనేవాణ్ణి మార్చుకునే వీలూ లేదు. 1993 ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకో ముందే రాసి ఉంటుంది. గెల కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీ చేరాలి కాబట్టి దాచుకుని అమ్మే పంట కూడా కాదు. 2022లో టన్ను 23 వేలు దాటింది, ఏడాది తిరిగేసరికి 13 వేల దరిదాపులకి దిగింది. 23 వేలప్పుడు కార్లు కొన్నవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. మేమూ ఊరుకోలేదు, ఫ్రిజ్ మార్చాం. కానీ టన్ను 15 వేలు పైన పడిన ప్రతి రూపాయీ వేరే ఖాతాలో వేయాలని అప్పటికే ఇంట్లో ఒక మాట అనుకుని ఉన్నాం. ఆ ఖాతాయే మమ్మల్ని మరుసటి ఏడాది కాపాడింది.

ధర చేతిలో లేనప్పుడు మనకి మిగిలేవి రెండే, టన్నులు, ఖర్చు. ఖర్చు తగ్గించడంలో ఒక ప్రమాదం ఉంది, అది చెప్పాలి. ధర పడగానే మా పక్క తోట ఆయన వేసవిలో నీళ్ళు సగం చేశారు, ఎరువు ఒక దఫా ఎగ్గొట్టారు. ఆ ఏడాది ఆయన లెక్క మా లెక్క కన్నా అందంగా కనిపించింది. పామాయిల్ చెట్టుకి దెబ్బ తగిలితే వెంటనే తెలియదు. పువ్వు ఆడదో మగదో అయ్యేది గెల కోతకి రావడానికి సుమారు రెండేళ్ళ ముందు. నీటి ఎద్దడి వస్తే మగపూలు ఎక్కువవుతాయి. రెండేళ్ళ తరవాత ధర మళ్ళీ లేచినప్పుడు ఆయన చెట్లకి గెలలు లేవు. మేం మాత్రం పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ వాళ్ళు చెప్పిన ప్రకారం ఆకు పరీక్ష చేయించి, అవసరం లేని ఒక ఎరువు మానేశాం. అది తగ్గింపు అంటే. చెట్టు నోరు కట్టేయడం తగ్గింపు కాదు.

ఇక డబ్బు ఎంత వచ్చిందన్నది ఒక లెక్కయితే, ఏ నెలలో వచ్చిందన్నది ఇంకో లెక్క. నన్నడిగితే రెండోదే పెద్దది. లాభంలో ఉన్న కమతాలు కూడా అప్పులో పడేది ఇక్కడే. జూన్‌లో పిల్లల ఫీజులు, ఎరువులు ఒకేసారి వస్తాయి. చేతిలో లేకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాం. ఏడాదికి 24 శాతం. అదే కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఒక పరిమితి వరకూ 7 శాతం, గడువులోగా కట్టేస్తే 3 శాతం తిరిగొచ్చి 4 శాతమే పడుతుంది. ఒక్క రోజు దాటినా ఆ మూడు శాతం పోతుంది. మా వంటింటి క్యాలెండర్‌లో మా అబ్బాయి పుట్టినరోజు నల్ల ఇంకుతో ఉంటుంది, ఆ గడువు తేదీ ఎర్ర ఇంకుతో.

అందుకని పంటలు ఎంచుకునేటప్పుడు ఏది ఎక్కువ మిగులుస్తుందని మాత్రమే చూడకండి. పన్నెండు నెలలు అడ్డంగా రాసి, ఏ నెలలో ఏది డబ్బు తెస్తుందో కింద రాయండి. మాకు గెలలు వానాకాలంలో ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ. కోకో సరిగ్గా తిరగబడి మార్చి నుంచి జూన్ దాకా దండిగా వస్తుంది. కొబ్బరి ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా. పాల బిల్లు పదిహేను రోజులకోసారి, అది కిరాణాకి. మీ రెండెకరాల కొబ్బరిలో నీడ సరిపడా ఉంటే కోకో పెట్టమనే అంటాను. కొత్త భూమి అక్కర్లేదు, ఉన్న నీళ్ళే, ఉన్న మనుషులే.

కోకో గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాకిష్టమైన పంట కాబట్టి. 2024లో ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దరిదాపులకి వెళ్ళింది. ఎలా ఉన్నా కొనేవారు. సగం పులిసినవి, తడిగా ఉన్నవి, మట్టితో ఉన్నవి. ఆ ఏడాది మా కోడలు, "అత్తయ్యా, వాళ్ళు రెండు రోజులకే ఎండేసి అదే రేటుకి అమ్ముతుంటే మనకెందుకీ ఆరు రోజుల గోల" అంది. కాదనడానికి నా దగ్గర లెక్క లేదు, అలవాటే ఉంది. కాయ కొట్టి, తెల్ల గుజ్జుతో ఉన్న గింజల్ని అరిటాకులు పరిచిన బుట్టల్లో నింపి, పైన గోనె కప్పుతాం. రెండో రోజుకి పుల్లటి వాసన వస్తుంది. మూడో రోజు చెయ్యి పెడితే కాలుతుంది. అప్పుడు కింది గింజలు పైకి, పైవి కిందికి తిరగేయాలి. ఐదో రోజు మళ్ళీ. ఏడో రోజు తీసి ఎండలో పరుస్తాం. బాగా ఎండిన గింజని గుప్పిట్లో నలిపితే ఎండుటాకు చప్పుడొస్తుంది. తేమ 7 శాతం దాటకూడదు.

2025లో ధర సగానికి కూలింది. రైతులు ఏలూరులో రోడ్డెక్కారు. కొనేవాళ్ళు ఒక్కసారిగా పరీక్షలు మొదలుపెట్టారు. గుప్పెడు గింజలు తీసి నిలువునా కోసి చూస్తారు. లోపల గోధుమరంగులో చీలికలతో ఉంటే సరిగా పులిసినట్టు, పలక రంగులో గట్టిగా ఉంటే పులవనట్టు. మా వీధిలో మూడు ఇళ్ళ సరుకు వెనక్కి వచ్చింది. మాది తీసుకున్నారు. ఎక్కువ ధరేమీ ఇవ్వలేదు, అది కూడా చెప్పాలి. తీసుకున్నారంతే. ధర బాగున్నప్పుడు మంచి సరుక్కీ చెత్త సరుక్కీ తేడా ఉండదు. పడ్డప్పుడు ఎవరి సరుకు ముందు కొంటారన్నదే తేడా. కోడలు ఇప్పుడు బుట్టల మీద తేదీలు తనే రాస్తోంది.

ఇప్పుడు మీ 20 గేదెలు. ఇది నేను నా చేతులు కాల్చుకుని చెబుతున్నాను. 2009లో బ్యాంకు అప్పుతో పది గేదెలు తెచ్చాం. కాగితం మీద గేదెకి రోజుకి 8 లీటర్లు, పదికి 80 లీటర్లు. నెలకి ఇంత, ఏడాదికి ఇంత. ఆ కాగితం వేసింది నేనే. గేదె ఈతకీ ఈతకీ మధ్య 14, 15 నెలలు పడుతుందనీ, అందులో నాలుగైదు నెలలు వట్టిపోయి తింటూ ఉంటుందనీ నాకు తెలుసు. తెలిసి కూడా పదితో గుణించాను. ఏ రోజు చూసినా పాలిచ్చేవి ఆరు, తినేవి పది. గేదెలు ఎక్కువగా వానాకాలం, శీతాకాలం మొదట్లో ఈనుతాయి కాబట్టి పాలకి గిరాకీ ఉండే ఎండాకాలంలో మన దగ్గర పాలుండవు. దానిమీద, పాలు పితికే మనిషి ఒక సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగి రాలేదు. నలభై రోజులు మా ఆయన, నేను, మా అత్తగారు పితికాం. పొలానికి వెళ్ళేవాళ్ళు లేక ఆ ఏడాది గెలలు రెండు కోతలు ఆలస్యమయ్యాయి. ఏడాదిన్నరకి ఏడింటిని అమ్మేశాం, కొన్న ధరకి మూడో వంతు పోగొట్టుకుని. ఇప్పటికీ మూడే ఉన్నాయి. మూడింటికి ఇంటి మనుషులు చాలు, మొక్కజొన్న చొప్ప చాలు, పేడ తోటకి పోతుంది. నాలుగోది రాగానే జీతానికి మనిషి కావాలి. ప్రతి పనికీ ఇలాంటి మెట్టు ఒకటుంటుంది. దాటితే ఇరవై ముప్ఫై దాకా ఒకేసారి వెళ్ళాలి, లేదంటే దాటకూడదు. మధ్యలో ఉన్నవాళ్ళే మునిగిపోతారు. మీరు ఇరవైకి వెళ్తాననడం ఆ లెక్కన తప్పు కాదు, కానీ పితకడం వచ్చినవాళ్ళు మీ ఇంట్లో ఎంతమంది? సంక్రాంతికి కూడా?

ఇంకో సంగతి, పాల మీద వచ్చేది పన్ను చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయం కాదు. పంట మీద పన్ను లేదు, గేదె మీద ఉంది. మీకు జీతం ఉన్నంతకాలం మీ పేరున వచ్చే పంట ఆదాయం ఏడాదికి 5 వేలు దాటితే రిటర్నులో చూపించాలి కూడా. దానికి నేరుగా పన్ను వేయరు కానీ మీ జీతం ఏ రేటులో పడుతుందో లెక్క కట్టేటప్పుడు కలుపుతారు.

ట్రాక్టరు మీద ఎక్కువ రాయను. మీ తొమ్మిదెకరాల్లో ఆరు తోటలే. దున్నకాలకీ, తోలకాలకీ ఏడాదికి 60 గంటలకి మించి పని ఉండదు. గంట 1,100 అద్దె అనుకున్నా 66 వేలు. 9 లక్షల బండికి ఆరు నెలలకోసారి కట్టే కిస్తీలు రెండూ కలిపితే దానికి రెండింతలు దాటతాయి. అద్దెకి తిప్పుతానంటే అది వేరే వ్యాపారం. దానికి డ్రైవరు, డీజిలు, బాకీ వసూళ్ళు ఉంటాయి. మీ తమ్ముడికి ఆ ఓపికుంటే కొనండి. గుమ్మం ముందు బండి ఉంటే సంబంధాలొస్తాయన్న మాట కూడా నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. ఆ ఖర్చు మాత్రం పొలం పద్దులో రాయకండి, పెళ్ళి పద్దులో రాయండి.

పొలం కొని పెంచుదామన్న ఆలోచన కూడా వస్తుంది, రాకుండా ఉండదు. మా దగ్గర రోడ్డు పక్క తోట ఎకరం 40 లక్షలు చెబుతున్నారు. కౌలూ కూలీ తీయకుండా, అన్నీ కలిపి చూసినా మాకు మిగిలింది 72,750. రెండు శాతం కూడా రాలేదు. అప్పు చేసి కొంటే వడ్డీలో నాలుగో వంతు కూడా పొలం కట్టలేదు. భూమి ధర పెరుగుతుందంటే పెరగొచ్చు. అది ఆస్తి సంపాదించుకోవడం. మేం పెరిగింది కౌలు మీద. పక్క నాలుగెకరాల పాత తోట ఆయన పిల్లలు అమెరికాలో ఉంటే, పదేళ్ళ ఒప్పందం మీద తీసుకున్నాం. అదే మనిషి, అదే మోటారు మెకానిక్కు, అదే కోతగాళ్ళు. పని కాస్త పెరిగింది, ఖర్చు పెద్దగా పెరగలేదు.

అసలు మాట ఇప్పుడు. మీరు పంటల గురించి అడిగారు, గేదెల గురించి అడిగారు, తమ్ముడు "ఊళ్ళోనే ఉంటాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు అక్కడే భయం వేసింది.

మా మరిది విశాఖలో ఉద్యోగం. పొలం ఉమ్మడి. ఏటా బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, వీలైనంత డబ్బు పంపేవాళ్ళం. ఎంత పంపాలని ఎవరూ అనుకోలేదు, అదే మంచితనం అనుకున్నాం. 2011 వచ్చేసరికి పామాయిల్ బాగా కాపు పట్టింది. మేం ఇల్లు బాగుచేయించాం. ఆయన వచ్చి కొత్త గచ్చు చూసి ఏమీ అనలేదు. ఆ తరవాత రెండేళ్ళు ఫోన్లు లేవు. తప్పు ఆయనది అని అప్పుడు అనుకున్నాను. నా పుస్తకం చూస్తే తెలిసింది, ఆయన భూమి భాగానికి కౌలు ఎంతో నేను ఏనాడూ రాయలేదు. మా ఆయన కష్టానికి జీతమూ రాయలేదు. రెండిట్లోనూ అన్యాయమే, రెండు వైపులా.

2013లో కూర్చున్నాం. రెండు తెల్లకాగితాలు. మరిది వాటాకి ఊళ్ళో నడిచే కౌలు, సంక్రాంతిలోపు బ్యాంకులో పడిపోవాలి, పంట పండినా ఎండినా. మా ఆయనకి నెలకి ఇంత జీతం, పొలం ఖాతాలోంచి ఇంటి ఖాతాకి. ఆ పైన లాభమొచ్చినా నష్టమొచ్చినా మాదే. తోట మీద మేం పెట్టింది ఎంతో, ఎప్పుడైనా విడిపోతే మిగిలిన కాపు ఏళ్ళని బట్టి ఎంత తిరిగివ్వాలో రాశాం. అన్నదమ్ములతో పాటు తోడికోడళ్ళం ఇద్దరం సంతకం చేశాం. మా ఆడపడుచునీ పిలిచాం. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కు మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. మన రాష్ట్ర చట్టం అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు, 2005 చట్టం వాళ్ళకీ వర్తిస్తుంది. ఏదేమైనా మా మామగారు బతికుండగానే ఆవిడని కూర్చోబెట్టి అడగడం మంచిదైంది. మీకు అక్కచెల్లెళ్ళు ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే వాళ్ళు లేకుండా ఈ కాగితం రాయకండి.

మీరు డబ్బు పెడతారు, తమ్ముడు ఒళ్ళు పెడతాడు, నాన్నగారు భూమి పెడతారు. పైన చెప్పిన ముగ్గురు మనుషులు మీ ఇంట్లో నిజంగానే ముగ్గురున్నారు. మా ఇంట్లో అయితే విడదీసి చూడటానికి నేను గీతలు గీయాల్సి వచ్చింది. తమ్ముడికి జీతం మొదటి నెల నుంచే రాయండి. "మనింట్లో వాడికి జీతమేంటి" అని నాన్నగారు అంటారు. అంటారంతే, రాయండి. ఏ పంట వేయాలో ఆఖరి మాట ఎవరిదో కూడా అనుకోండి. పట్నం నుంచి వాట్సాప్‌లో యూట్యూబ్ వీడియోలు పంపే అన్నదమ్ములు ఊళ్ళో పొలం చూసేవాళ్ళకి ఎంత టెన్షనో మా మరిదిని బట్టి నాకు తెలుసు.

ఉద్యోగం సంగతి. 2018-19లో కేంద్రం చేసిన సర్వేలో వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం సగటున 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798, బయట కూలి, జీతాల మీద వచ్చింది 4,063. అంటే దేశంలో సగటు రైతు ఇంటిని కూడా పంటకన్నా బయటి సంపాదనే ఎక్కువ మోస్తోంది. మీరొక్కరే కాదు. ఇంట్లో ఒక జీతం ఉన్న పొలం ధర పడ్డప్పుడు ఆగగలదు, నూటికి రెండు రూపాయల గుమ్మం తొక్కక్కర్లేదు. కనీసం కోకో కాపుకొచ్చేదాకా, అంటే మూడు నాలుగేళ్ళు మానకండి. మానేశాక నెలకి ఎంతలో బతకగలరో ఇప్పటి నుంచే ఆరు నెలలు బతికి చూడండి, పెళ్ళయి ఉంటే మీ ఆవిడతో కలిసి. ఆవిడ ఏమంటున్నారో కూడా మీ ప్రశ్నలో లేదు.

సొంత బ్రాండు, ఆన్‌లైన్ అమ్మకం గురించి కింద కామెంట్లలో ఒకరు అడిగారు. మేం రెండేళ్ళు అపార్ట్‌మెంట్లకి కొబ్బరినూనె పంపాం. లాభం వచ్చింది. సీసాలు నింపడం, పార్సిళ్ళు, "ఎక్కడిదాకా వచ్చింది" ఫోన్లు, ఆ గంటలకి కూలి వేస్తే పోయింది. మా కోడలికి ఆ పని నచ్చింది కాబట్టి ఇప్పుడు అది తన పేరు మీద, తన ఖాతాలో, మా దగ్గర కాయలు కొనుక్కుని చేస్తోంది. ఊరి రేటుకే ఇస్తున్నాం, రూపాయి తగ్గించలేదు. మొదట మూతి ముడిచింది.

ఈసారి ఊరెళ్ళినప్పుడు నాన్నగారి దగ్గర నాలుగు కాగితాలు తీసుకోండి: పాసుపుస్తకం, బ్యాంకు లోను కాగితం, గత ఏడాది గెలల బిల్లులు, ఎరువుల కొట్టు బాకీ చిట్టా. ఆఖరిది అడగ్గానే ఇవ్వరు. భోజనాలయ్యాక అడగండి. అవి చూసి ఎకరం లెక్క వేసి ఇక్కడ పెడితే నేను గీతలు గీసి చూపిస్తాను. రేపూ ఎల్లుండీ గెలల కోత ఉంది, సాయంత్రం దాకా ఫోను చూడను.